మగ్గాలు ఆగిన ఎండాకాలం

ఆ ఎండాకాలం సూరత్‌లో, మా బమ్రోలిలో మగ్గాలు ఆగిపోయాయి. దారం ధర పెరిగింది, బట్ట కొనేవాళ్ళు తగ్గారు. ముందు రాత్రి పాళీ తీసేశారు. తర్వాత వారంలో సగం రోజులే పని అన్నారు. మే నెల వచ్చేసరికి కార్ఖానాలకు తాళాలు పడ్డాయి. సేఠులు దానికి మందీ అని పేరు పెట్టి ఊరుకున్నారు. పనివాళ్ళలో సగంమంది సొంతూళ్ళకు రైలెక్కారు.

ఆ కార్ఖానాల పక్క గల్లీలోనే పుట్టి పెరిగిన నాకు మగ్గాల చప్పుడు లేని పూట తెలియదు. చప్పుడు ఆగిపోయాక ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. "చెవులల్ల ఏదో గీ పెడ్తున్నట్టున్నది పిల్లా, పిచ్చి లేస్తున్నది" అనేది పక్కగది ఐలమ్మత్త. ఆమె కార్ఖానాలో కండెలు చుట్టే పని చేస్తుంది. నాన్న మాత్రం ఏమీ అనలేదు. ఎప్పటిలాగే పడుకున్నాడు, ఎప్పటిలాగే లేచాడు.

మా నాన్న దశరథం ఐలమ్మత్త పనిచేసే కార్ఖానాలోనే జాబర్. అంటే మగ్గం మొరాయిస్తే బాగుచేసే మనిషి. సిరిసిల్ల నుంచి చిన్న వయసులో సూరత్ వచ్చి ముందు నేశాడు, తర్వాత రిపేరు నేర్చాడు. మగ్గం చప్పుడు వినే ఎక్కడ తేడా ఉందో చెప్తాడని నా చిన్నప్పుడే ఆయనకు పేరు. మా అమ్మ పోయి చాలా కాలమైంది. అక్క సుభాషిణిని సిరిసిల్లలోనే ఇచ్చారు. నేనూ నా భర్త ఉమాకాంత్ నాన్నతోనే ఉంటాం. ఉమాకాంత్ కడోదరాలో ఒక రంగుల మిల్లులో పనిచేస్తూ అక్కడే గదిలో ఉండి ఆదివారాలు మాత్రం ఇంటికొస్తాడు. నేను పాండేసరాలో ఎల్‌ఈడీ బల్బులు తయారుచేసే చిన్న కార్ఖానాలో సోల్డరింగ్ పని చేస్తాను.

నాన్న తక్కువ మాటల మనిషి. ఏం చెప్పినా మంచిది అంటాడు. మగ్గాల మీద బతికినవాళ్ళకు చెవి కాస్త మందమే. అందుకే మా గల్లీలో అందరూ గట్టిగా మాట్లాడతారు, ఎదుటివాళ్ళ పెదవులు చూస్తూ మాట్లాడతారు. నాన్న కూడా మా ముఖాల వంకే చూస్తూ వింటుంటే మాకది వింతగా తోచలేదు. ఫోన్ మాత్రం ముట్టేవాడు కాదు. ఎవరు చేసినా "నువ్వే మాట్లాడు" అని నా చేతిలో పెట్టేవాడు.

పనిలేని ఆ రోజుల్లో ఆయనకు టీవీయే దిక్కయింది. సౌండ్ పూర్తిగా తగ్గించి చూసేవాడు. జీవితమంతా రొదలో గడిపిన మనిషికి ఇంట్లోనైనా నిశ్శబ్దం కావాలనిపిస్తుంది కదా అని మేమే అర్థం చెప్పుకున్నాం.

ఒక సాయంత్రం పనినుంచి వస్తుంటే గల్లీ మలుపులోనే టీవీ అరుపు వినిపించింది. వార్తలు చదివేవాడు మా ఇంట్లోంచి గల్లీ అంతటికీ చదువుతున్నాడు. ఐలమ్మత్త గడపలో తల పట్టుకొని కూర్చుంది. లోపలికి వెళితే నాన్న మంచం మీద, చేతిలో రిమోట్‌తో, నల్లటి టీవీ ముందు కూర్చొని ఉన్నాడు.

పరుగెత్తి స్విచ్ ఆపాను.

"గింత సౌండ్ ఎందుకు వెట్టినవ్ నాయినా?"

"బొమ్మ పోయింది. మల్లొస్తదేమోనని అన్ని ఒత్తిన" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ఆదివారం వచ్చినప్పుడు ఉమాకాంత్ ఒక టీవీ మెకానిక్‌కు ఫోన్ చేశాడు. సౌండ్ వచ్చి బొమ్మ రాకపోతే ప్యానెల్ పోయినట్టే, బాగుచేసినా దండుగ అన్నాడట అతను.

"పారేద్దాం జమునా. మందీ పోయినంక కొత్తది తెచ్చుకుందాం" అన్నాడు ఉమాకాంత్.

నాకు నమ్మకం కలగలేదు. తలుపూ కిటికీ మూసేసి గది చీకటి చేశాను. టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చి వెలిగించి తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టాను. ఆ వెలుగు పడినంత మేర, నీళ్ళ అడుగున ఉన్నట్టు, ఒక మనిషి భుజం కనిపించింది. టార్చి జరిపితే మెడ, ఇంకా జరిపితే కదులుతున్న నోరు.

నాన్న ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు. "ఉన్నడు. మనిషున్నడు లోపట" అన్నాడు.

"ప్యానెల్ మంచిగనే ఉన్నది నాయినా. దాని ఎనుక దీపాలుంటయి. అవి ఆరిపోయినయి. గంతే."

"నువ్వు చేస్తవా?"

"చేస్త. కని ఇంకొకరు పట్టాలె."

"నేను పడ్త" అన్నాడు. మగ్గాలు ఆగాక ఆయన ముఖంలో వెలుగు చూడటం అదే మొదటిసారి.

బుధవారం, నా సెలవు రోజున, వైరు పీకి కాసేపు ఆగి, టీవీని మంచం మీది బొంతపై బోర్లా పడుకోబెట్టాం. నాన్న తన స్క్రూడ్రైవర్లు తెచ్చుకున్నాడు. స్క్రూలు విప్పుతూ ఎక్కడివక్కడ వేరు వేరు సీసా మూతల్లో వేసి, ఆ మూతల్ని టీవీ ఆకారంలోనే నేలమీద పేర్చాడు. వెనక డొప్ప తీశాక దీపాలకు కరెంటు వెళ్ళే చోట మీటరు పెట్టి చూశాను. ఆన్ చేసిన క్షణం కరెంటు వచ్చి, వెంటనే పడిపోతోంది. అంటే పంపే బోర్డులో లోపం లేదు, దీపాల్లోనే ఉంది.

దీపాల దాకా వెళ్ళాలంటే ముందు గాజు ప్యానెల్‌ను ఎత్తి పక్కన పెట్టాలి. అట్ట కంటే పల్చగా ఉంటుంది. కింది అంచున రిబ్బన్ లాంటి తీగలు, వాటికి సన్నటి బోర్డులు వేలాడుతుంటాయి. అవతలి అంచు నాన్న, ఇవతలి అంచు నేను పట్టుకున్నాం. నేను ఆయన ముఖంలోకి చూసి "ఇగ లేపు" అన్నాను. లేపాడు. "మెల్లగ" అన్నాను. మెల్లగా నడిచాడు. పరుపు మీదకు దించాం. ఆయన చేతులు కొంచెం కూడా వణకలేదు.

ప్యానెల్ కింద తెల్లటి పల్చని షీట్లు, వాటి కింద మూడు వరుసల్లో దీపాలు. ఒక్కోదాని మీద చిన్న గాజుగోళీ లాంటి మూత. నేను మీటరు సూదుల్ని ఒక్కో దీపానికి ఆనిస్తూ పోయాను. ఆనించగానే ప్రతిదీ మినుకుమంటోంది. మధ్య వరుసలో ఒకటి మాత్రం వెలగలేదు. మూత ఊడదీసి చూస్తే నడుమ మాడిన ఆవగింజ లాంటి చుక్క.

"గీ ఒక్కటేనా?" అన్నాడు నాన్న.

"ఒక్కటే. అన్ని ఒకే తీగ మీద ఉంటయి. ఒకటి పోతే అన్ని ఆరిపోతయి."

"మగ్గంల సుత గంతే" అన్నాడాయన. ఎంతో ఇష్టంగా అన్నాడు. "ఒక్క పోగు తెగితే మొత్తం ఆగుతది. తెగింది యాడనో దొరకవట్టుడే పని."

మా నాన్న నాతో తన పని గురించి మాట్లాడటం నాకు తెలిసి అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నం ఆయన చాలా చెప్పాడు. ఏ మగ్గం ఎట్లా మొండికేసేదో, కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఎట్లా బెదిరేవాళ్ళో. నేను సూదులు పట్టుకొని వింటూ కూర్చున్నాను. ఆయన మీద ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకున్న కోపం ఒకటి ఆ కాసేపు గుర్తురాలేదు.

ఆ కోపం అక్క విషయంలో. అప్పటికే అమ్మ లేదు. అక్క పెళ్ళైన రెండో ఏడు వారంరోజులు ఉండి వెళ్తానని సూరత్ వచ్చింది. తిరిగి వెళ్ళే రోజున నేను పనికి వెళ్ళి వచ్చేసరికి ఇంట్లో లేదు. తర్వాత ఫోన్‌లో చెప్పింది: "నేను పోను, ఇక్కడ్నే ఉంటనన్న జమునా. ఆయిన తాగి కొడ్తున్నడని చెప్పిన. నాయిన పొమ్మన్నడు. సంచిల నాన్‌ఖటాయి బిస్కెట్ల పొట్లం సుత పెట్టి పంపిండు." ఆ తర్వాత అక్క ఈ గడప తొక్కలేదు. నేనే రెండుమూడుసార్లు వెళ్ళి చూసొచ్చాను. నాన్నను నేను ఏమీ అడగలేదు. మాటిచ్చి ఇచ్చిన సంబంధం, పరువు అనుకొని ఉంటాడు, మా గల్లీలో తండ్రులందరూ అంతే కదా అనుకున్నాను. ఆయన మాత్రం పండుగ వచ్చినప్పుడల్లా "పెద్దది రాలేదా?" అనేవాడు. ఎంత గుండె ధైర్యమో అనిపించేది నాకు.

పాత వరుసల మీదున్న నంబరు చూపించి మార్కెట్లో అదే రకం కొత్త సెట్టు తెచ్చాను. ఒక్క దీపమే మార్చవచ్చు కానీ మిగతావీ దాని ఈడువే, నేడో రేపో పోతాయి. తర్వాతి సెలవు రోజున పాతవి పీకి కొత్తవి అతికించి, తీగలు కలిపి, ప్యానెల్ పెట్టకముందే ఒకసారి ఆన్ చేశాను. మూడు వరుసలూ ఒక్కసారి వెలిగాయి. గది మూలల్లోని బూజు కూడా కనిపించేంత తెల్లటి వెలుగు. నాన్న రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకొని నవ్వాడు.

"మీ అమ్మ ఉంటే చూస్తుండె" అన్నాడు.

షీట్లు ఒకదాని మీద ఒకటి వరుస తప్పకుండా పరిచాను. ఇక ప్యానెల్. ఇద్దరం ఎత్తి తెచ్చాం. ముందు నా వైపు కింది అంచు గాడిలో కూర్చోవాలి. ఆ అంచున వేలాడే సన్న బోర్డుల్ని లోపలికి మడిచి సర్దాలి. అంతవరకూ నాన్న తన వైపు పైకే పట్టుకొని ఉండాలి. నేను తల వంచి రెండు బోర్డులు సర్దాను. మూడోది మొరాయించింది.

"ఇడ్వకు నాయినా. జరసేపు గట్లనే పట్టుకో" అన్నాను, తల ఎత్తకుండానే.

ఆయన వదిలేశాడు.

టప్ మని చప్పుడైంది. "ఏం పలిగింది పిల్లా?" అని పక్కగదిలోంచి ఐలమ్మత్త కేకేసింది. నేను తలెత్తాను. ప్యానెల్ మూలనుంచి నడుమ దాకా వెంట్రుక లాంటి గీత పడింది. దాని పక్కనే నిలబడ్డ నాన్న చేతులు దులుపుకుంటూ, పెళ్ళిపని ముగించినవాడిలా నవ్వుతున్నాడు.

"అయిందా?" అన్నాడు.

ఆయన అటు తిరిగి, కిందికి వంగి, మూతల్లోని స్క్రూలు ఏరసాగాడు.

"నాయినా" అన్నాను, మామూలుగా.

ఆయన స్క్రూలు ఏరుతున్నాడు.

"నాయినా" అన్నాను, గట్టిగా.

ఒక స్క్రూ మంచం కిందికి దొర్లింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చొని దానికోసం చెయ్యి చాచాడు. మూడోసారి నేను అరిచిన అరుపుకు ఐలమ్మత్త పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న స్క్రూ దొరికించుకొని లేచి, మా ఇద్దరినీ చూసి, "ఏమైంది?" అన్నాడు.

నేను వేలితో గీత చూపించాను. ఆయన దగ్గరికి వచ్చి, గోరుతో దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమాడు.

"ఎప్పుడు పలిగింది?"

"నువ్వు ఇడ్శినప్పుడు."

"నువ్వు తల ఊపితివి గద, ఇడ్వమని."

"తల వంచిన నాయినా. ఇడ్వకు అన్న."

"అన్నవా?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. నేను ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"నీకు ఎంత ఇనవడ్తది నాయినా?"

"మంచిగనే ఇనవడ్తది."

నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని, "ఇయ్యాల ఏం కూర వండాలె?" అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూశాడు.

"మంచిది" అన్నాడు చివరికి.

నేను చున్నీ తీసేశాను. నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది. తల దించుకున్నాడు.

"పోయినయి బిడ్డా" అన్నాడు. "మీ అమ్మ ఉన్నప్పుడు జరంత ఉండె. దాని ఎనుక గా జరంత సుత పోయింది. మగ్గం మీద చెయ్యి వెడితే అదురు తెలుస్తది. గా అదురు తోనే నడిపిచ్చిన. చెవిటోడు జాబర్ అంటే ఎవడు ఉంచుకుంటడు? మీకు చెప్తే మీ నోట్లకెళ్ళి బయటకు పోతదని..."

గుమ్మంలోంచి ఐలమ్మత్త నెమ్మదిగా అంది: "కార్ఖానల అందరికెరికనే పిల్లా. దశరథన్నను పిలవాలంటే భుజం మీద తడ్తం. సేఠుకు సుత ఎరికనే. మీకెరుక లేదా?"

ఆమె అన్నది నాన్నకు చేరలేదు. నాకు చేరింది. ఇంట్లో ఉండేవాళ్ళం, మాకే తెలియదు.

ఐలమ్మత్త వెళ్ళాక నాన్న ముందు మంచినీళ్ళు పెట్టి, ఆయన తాగాక, ముఖం ఎదురుగా పెట్టి అడిగాను.

"అక్క ఎల్లిపోయిన రోజు యాదికున్నదా నాయినా?"

"ఎందుకు లేదు?"

"అక్క ఏమన్నది?"

ఆయన గుమ్మం వైపు చూపించాడు. "గీడ నిలవడ్డది. పగటీలి. ఎండ దాని ఎనుక ఉండె, మొకం నల్లగ కనవడె. కొంగు నోటికి పెట్టుకున్నది, ఏడుస్తున్నది. పోయేటప్పుడు ఆడిపిల్లలు ఏడుస్తరు గద. సంచి చేతుల ఉండె. ఏమో చెప్పింది. పోయొస్త అన్నది. మంచిది బిడ్డా, పైలంగ పో అన్న. నాన్‌ఖటాయి దానికి ఇష్టమని పొద్దుగాలనే తెచ్చి పెట్టిన, సంచిల ఏసిన." కాస్త ఆగి, "గట్లనే నిలవడ్డది చానసేపు. మల్లెందుకు రాదో అర్థం కాదు జమునా. నేనేం తక్కువ చేసిన?" అన్నాడు.

చెప్పకుండా ఉండిపోవచ్చుననిపించింది. కానీ ఆయన అడిగాడు. ఒక్కో మాటా విడివిడిగా, పెదవులు కదిలించి చెప్పాను. పోను అన్నది. ఇక్కడ్నే ఉంటా అన్నది. బావ కొడ్తున్నడు అన్నది.

ఆయన నా పెదవుల మీదనుంచి చూపు తిప్పలేదు. నేను ఆపేశాక కూడా ఇంకేమైనా ఉందేమోనని చూస్తూనే ఉన్నాడు.

"గట్లన్నదా" అన్నాడు.

తర్వాత లేచి, మిగిలిన స్క్రూలన్నీ ఏరి, మూతలన్నీ ఖాళీ చేసి, ఒక డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఆ సాయంత్రం టీవీ ఆన్ చేసి చూశాం. వెలుగు చక్కగా వచ్చింది. దాని మీద రంగురంగుల చారలు, మూలన సిరా ఒలికినట్టు నల్ల మరక. ఉమాకాంత్ ఆదివారం వచ్చి ఒక్క మాట అనకుండా దాన్ని పాతసామాను వాడికి వేసేశాడు.

అక్కకు ఫోన్ చేయడానికి నాకు వారం పట్టింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి టీవీ పగిలిన సంగతి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. అవతల అక్క బీడీ ఆకు కత్తిరించే చప్పుడు ఆగిపోయింది.

"అక్కా, ఉన్నవా?"

"ఉన్న."

"నాయినకు నిజంగనే ఇనవడలేదక్కా."

అక్క గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాయిన పొమ్మన్నడు, నాకు ఎనుక ఎవ్వరు లేరనుకున్న జమునా. గట్ల అనుకొనే గట్టివడ్డ. ఆయినకు ఎదురు తిరిగిన. దెబ్బలు పడ్డ, కొట్టిన సుత. ఇప్పుడు ఆయిన నా జోలికి రాడు, తాగుడు సుత తగ్గిచ్చిండు. గదంత నాయిన మీద పంతంతోనే చేసిన. ఇప్పుడొచ్చి నాయినకు ఇనవడలే అంటున్నవ్. గీ మాటను నేను ఏం చేసుకోవాలె? యాడ పెట్టుకోవాలె?"



"ఒక్కసారి వీడియో చేస్త, నాయినను చూడక్కా."

"వద్దు" అంది. "ఇప్పుడొద్దు."

నాన్నతో చెబితే ఆయన కూడా ఫోన్ వద్దన్నాడు. "ఫోన్ల పెదవులు సరిగ కనవడయి. ఏదో అనుకుంటే ఇంకేదో అయితది. పోదాం. మొకం చూడాలె" అన్నాడు. కార్ఖానాలు తెరుస్తున్నారని అప్పటికే కబురొచ్చింది. ఆయన వెళ్ళి సేఠ్‌కు తన చెవుల సంగతి తన నోటితో చెప్పి, కొన్నాళ్ళు రానని కూడా చెప్పి వచ్చాడు. సేఠ్ ఏమన్నాడని అడిగితే, "భుజం మీద చెయ్యేసిండు" అన్నాడు.

ఉమాకాంత్ నాకూ నాన్నకూ టికెట్లు తీశాడు. జూన్ నెల, తొలకరి పడుతున్న రోజులు. రైల్లో నాన్న కిటికీ పక్కన కూర్చొని, దారి పొడుగునా లోలోపల ఏదో అనుకుంటూ వచ్చాడు. పెదవులు కదిలేవి. వల్లె వేస్తున్నాడని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. రైలు దిగి బస్సెక్కి సిరిసిల్ల చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అక్కడి గల్లీల్లో మగ్గాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న ఒక కార్ఖానా గోడకు అరచెయ్యి ఆనించి, ఒక్క నిమిషం నిలబడి, మళ్ళీ నడిచాడు.

అక్క ఇంటి ముందు కూర్చొని చేటలో బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. ఒళ్ళోని చేట పక్కన పెట్టింది, అంతే. జుట్టు సగం నెరిసింది. నాకంటే నాలుగేళ్ళే పెద్దది.

నాన్న గుమ్మం ముందు నిలబడి, రైల్లో వల్లె వేసుకున్న మాట చెప్పాడు. తన గొంతు తనకు వినబడని మనిషి కనుక చాలా గట్టిగా చెప్పాడు. "సుభాషిణీ, ఆనాడు నువ్వన్నది నాకు ఇనవడలే బిడ్డా. ఇంటికి పోదాం పా."

అటుపక్కా ఇటుపక్కా ఇళ్ళవాళ్ళు బయటికొచ్చి చూశారు. అక్క ముఖం ఎర్రబడింది.

"లోపలికి రా నాయినా. ముందుగాల కూసో" అంది.

లోపల ఒకే గది. బావ సోమలింగం పనికి వెళ్ళాడు, అక్క కొడుకు బడికి వెళ్ళాడు. అక్క కుర్చీ వేసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి అందించింది. కుడిచేతి చిటికెన వేలు ముడుచుకోకుండా పక్కకు నిలబడి ఉంది. విరిగి, సరిగ్గా అతుక్కోని వేలు. నాకు తెలిసిన వేలే. నాన్నకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన గ్లాసు అందుకోకుండా దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అక్క గ్లాసును ఆయన చేతుల్లో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూసి, వెనక్కి తిరిగింది.

పొయ్యి ముట్టించింది. బియ్యం గిన్నెలో పోసి, మాకు వీపు చేసి కడగసాగింది. కడుగుతూ కడుగుతూ, నీళ్ళలోకి చెబుతున్నట్టు అంది: "ఆనాడు ఒక్కసారి దగ్గరికొచ్చి నా మొకం చూసినా సరిపోతుండె నాయినా."

నాకు వినిపించింది. నేను తల తిప్పుకున్నాను.

నాన్న తాగని గ్లాసును నేలమీద పెట్టాడు. అక్క భుజాలు కదలడం చూశాడో, ఏం చూశాడో, కుర్చీలోంచి లేచి వెళ్ళి, పొయ్యి పక్కన ఆమె ముఖం కనిపించేలా నిలబడ్డాడు.

"ఇనవడలే బిడ్డా. మల్ల చెప్పు" అన్నాడు.

అక్క చేతులు గిన్నెలోనే ఆగాయి. ఆయన వంక చూసింది. ఆయన కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. అక్క తడిచేతితో నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకొని, వెలుతురు వైపు తిరిగింది. ఒక్కో మాటా ఆయనకు తెలిసేటట్టు నెమ్మదిగా పలికింది.

"అన్నం తిని పోతవా అంటున్న."

"తింట" అన్నాడు నాన్న.